వైజాగ్ తీరంలో ఎండ ముదురుతుంటే సముద్రపు నీళ్లు చల్లబడ్డాయి, ఎందుకు?

తీరపునడక · మార్చి 17, ఉదయం 8:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. డిసెంబరు నుంచి రోజూ ఉదయం ఆరున్నరకి నాతోపాటు బీచ్‌కి వచ్చి నీళ్ల టెంపరేచర్ రాస్తోంది. మోకాళ్ల లోతు దాకా నేను దిగి ప్లాస్టిక్ బకెట్‌తో నీళ్లు ముంచుతాను. తను బకెట్‌ని నా నీడలో పెట్టి, థర్మామీటర్ ముంచి, రెండు నిమిషాలు ఆగి చూస్తుంది. నోట్‌బుక్కులో తేదీ, టైము, డిగ్రీలు, అంతే.

జనవరిలో 25 దగ్గర ఉండేది. ఫిబ్రవరి నుంచి మెల్లగా పెరుగుతూ మార్చి 11న 27.5 వచ్చింది. ఎండలు మొదలయ్యాయి కదా, ఇక పెరుగుతూనే పోతుంది అనుకున్నాం. కానీ 12న 27.1, 13న 26.2, 14న 25.4, నిన్న 25.1. మధ్యాహ్నం బయట 34 డిగ్రీల ఎండ కాస్తోంది. నీళ్ల రంగు కూడా మారింది, నీలం పోయి కొంచెం పచ్చగా ఉంది.

థర్మామీటర్ పాడైందేమో అని అమ్మాయి కొత్తది కొనిపించింది. రెండూ ఒకే బకెట్‌లో పెట్టాం. రెండూ ఒకటే చూపిస్తున్నాయి. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్తారా? నేను చదివింది కామర్స్, తను అడిగేవాటికి నా దగ్గర జవాబు లేదు.

కొత్తచూపు · మార్చి 17, ఉదయం 9:05

రాత్రిళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి కదండీ. పొద్దున్నే కొలిస్తే ఆ చలే కనిపిస్తుందేమో.

తీరపునడక · మార్చి 17, ఉదయం 9:30

మేమూ అదే అనుకున్నామండీ. కానీ జనవరిలో రాత్రిళ్లు ఇంతకంటే బాగా చల్లగా ఉండేవి, అప్పుడు కూడా ఐదు రోజుల్లో దాదాపు రెండున్నర డిగ్రీలు పడలేదు.

ఉప్పుగాలి · మార్చి 17, ఉదయం 11:40

ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. రెండో థర్మామీటర్‌తో సరిచూడాలని తోచడమే పెద్ద విషయం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రశాస్త్రం చదివాను, ఇప్పుడు వేరే ఊళ్లో పాఠాలు చెప్తున్నాను. మీరు చూసింది మా సబ్జెక్టులో ఈ తీరానికి పేరు తెచ్చిన సంగతి. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ అనే శాస్త్రవేత్త వాల్తేరులో ఉండి సరిగ్గా దీన్నే పరిశీలించి రాశారు.

రాత్రి చలి దీనికి కారణం కాదు. గాలికి కదిలే నీళ్లు చాలా లోతు ఉంటాయి, ఒక్క రాత్రిలో అంత వేడి పోదు. అడుగున ఉన్న చల్లని నీరు పైకి వచ్చింది. దీన్ని అప్‌వెల్లింగ్ అంటారు.

ఎలాగంటే, వైజాగ్ బీచ్‌లో భీమిలి వైపు తిరిగి నిలబడండి. సముద్రం మీ కుడి చేతి వైపు ఉంటుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంది. మార్చి వచ్చేసరికి గాలి కూడా నైరుతి నుంచి తీరం వెంటే వీస్తుంది, అంటే మీ వీపు వెనక నుంచి. గాలి నీటిని తనతోపాటు ముందుకే తోస్తుందని అనిపిస్తుంది కానీ, భూమి తిరుగుతుండటం వల్ల ఉత్తరార్ధగోళంలో ఆ నీరు కుడి వైపుకి జరుగుతుంది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1890ల్లో తన ఓడ ఆర్కిటిక్ మంచులో చిక్కుకుని కొట్టుకుపోతున్నప్పుడు, మంచు గాలి పోయిన దిక్కున కాకుండా దానికి కుడిగా పోవడం గమనించాడు. తర్వాత 1905లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ దానికి లెక్క కట్టాడు.

మనకి కుడి అంటే నడిసముద్రం. పైనున్న వెచ్చటి నీరు ఒడ్డు వదిలి లోపలికి పోతుంది. ఆ ఖాళీ నింపడానికి పక్కనుంచి నీరు రాలేదు, ఒడ్డు ఉంది కదా. కింద నుంచే రావాలి. కింద నీరు చల్లన. పైగా దానిలో పోషకాలు ఎక్కువ, వెలుతురు తగలగానే కంటికి కనపడని నాచు మొక్కలు పెరుగుతాయి. మీరు చూసిన పచ్చదనం అదే.

ఒకటి అడగాలి. 11, 12 తేదీల్లో గాలి ఎటు నుంచి వీచిందో గుర్తుందా?

తీరపునడక · మార్చి 17, మధ్యాహ్నం 1:15

మేడమ్, మీరు చెప్పినట్టు భీమిలి వైపు తిరిగి నిలబడి చూపిస్తే అమ్మాయికి వెంటనే అర్థమైంది. గాలి దిక్కు రాయలేదు. కానీ ఆ రెండు రోజులూ బాగా గాలి ఉంది. వాకింగ్‌లో వెళ్లేటప్పుడు వీపుకి తగిలింది, తిరిగి వచ్చేటప్పుడు ఇసుక మొహాన కొట్టింది. మేం వెళ్లేది ఋషికొండ వైపే!

ఉప్పుగాలి · మార్చి 17, మధ్యాహ్నం 1:40

ఇంకేం కావాలి. రేపటి నుంచి నోట్‌బుక్కులో గాలి దిక్కుకి ఒక గడి గీయించండి.

పెదజాలరి · మార్చి 17, రాత్రి 9:10

నేను బోటు మీద 30 ఏళ్ల నుంచి వేటకి వెళ్తున్నాను. చదువు తక్కువ, మా అబ్బాయి టైప్ చేసి పెడుతున్నాడు.

ఈ నీరు మాకు బాగా తెలుసు. వల లాగేటప్పుడు చేతులకే తెలిసిపోతుంది. 20 బారల లోతు నుంచి వచ్చిన తాడు జిల్లుమని ఉంటుంది, పైన నీరు మాత్రం గోరువెచ్చగా ఉంటుంది. ఈ తేడా ఎప్పుడూ ఉండేదే. కానీ ఏటా శివరాత్రి దాటాక కొన్ని రోజులు పైన నీరు కూడా అడుగు నీరులాగే తగులుతుంది. నీరు పచ్చబారిన నాలుగైదు రోజులకి నెత్తళ్లు, కవళ్లు గుంపులుగా వస్తాయి. వాటి వెనక వంజరం వస్తుంది. చల్ల నీరు, వెచ్చ నీరు కలిసే గీత దగ్గర వేసిన వల ఖాళీగా రాదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి చేపలు దొరికే చోటు చెప్పే కబురు ఫోన్‌కి వస్తుంది. మా రేవు నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత అని ఉంటుంది. అది కూడా ఈ నీటి వేడిని ఉపగ్రహంతో చూసి చెప్పేదేనని ఒకసారి మీటింగులో చెప్పారు. దాని వల్ల డీజిల్ కలిసొస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం ఆ కబురు రాదు.

మేఘమాల · మార్చి 17, రాత్రి 10:25

పెదజాలరి గారూ, మీ మాట చదివి చాలా సంతోషం వేసింది. నేను హైదరాబాద్‌లో ఉపగ్రహ డేటాతో పనిచేస్తాను. మీరన్నది అక్షరాలా నిజం. నీటి ఉష్ణోగ్రత ఎక్కడ ఉన్నట్టుండి మారుతోంది, నీటి రంగులో పచ్చదనం ఎక్కడుంది, ఈ రెండూ కలిసిన చోటే ఆ సూచన ఇస్తారు. ఉపగ్రహం నీటి నుంచి వచ్చే పరారుణ కిరణాలను పట్టి వేడి లెక్కిస్తుంది. మబ్బు అడ్డొస్తే అది మబ్బు పైభాగాన్నే చూస్తుంది, అందుకే ఆ రోజు కబురు ఉండదు. మైక్రోవేవ్ పరికరాలు మబ్బులోంచి చూడగలవు కానీ ఒడ్డుకి దగ్గర్లో నేల ప్రభావం కలిసిపోయి అవి పనికిరావు.

తీరపునడక గారికి నా మనసులో మాట చెప్పాలి. ఉపగ్రహం చూసేది నీటి పై పొర, వెంట్రుక మందం కూడా ఉండదు. ఒడ్డు పక్క కిలోమీటరులో అది చెప్పేదాన్ని నేనే పూర్తిగా నమ్మను. మీ బకెట్ కొలిచేది సరిగ్గా మాకు కనపడని జాగా. దయచేసి ఆపకండి.

కొత్తచూపు · మార్చి 18, ఉదయం 7:50

అంతా బాగుంది. కానీ ఇన్నాళ్లూ సముద్రాలు వేడెక్కుతున్నాయని చదువుతున్నాం. ఇక్కడేమో చల్లబడుతున్నాయంటున్నారు. మరి ఏది నిజం?

ఉప్పుగాలి · మార్చి 18, ఉదయం 10:30

రెండూ నిజమే. రెండింటి కాలం కొలత వేరు.

2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ ఇచ్చిన నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 దాకా ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సగటున 1 డిగ్రీ వేడెక్కింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు 0.7. అంటే మన సముద్రం మిగతావాటి కంటే త్వరగా వేడెక్కుతోంది. అది 65 ఏళ్లలో ఒక డిగ్రీ. తీరపునడక గారు చూసింది ఐదు రోజుల్లో దాదాపు రెండున్నర. ఒక వారం చూసి సముద్రం వేడెక్కడం లేదని అనకూడదు, ఒక వేడి వారం చూసి అంతా వాతావరణ మార్పే అనీ అనకూడదు. మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఆడుకునే పిల్లాణ్ణి చూసి మేడ ఎత్తు చెప్పలేం కదా.

కానీ ఆ ఒక్క డిగ్రీ చిన్నదని మాత్రం అనుకోకండి. సముద్రం నీరు 28 డిగ్రీలు దాటితే పెద్ద మేఘాలు లేవడానికి వీలు పెరుగుతుంది. తుపాన్లు బలపడేది కూడా ఇలాంటి వెచ్చటి నీటి మీదే. మామూలు ఎత్తుపల్లాలు ఎప్పటిలాగే ఉన్నా, అవి నిలబడిన నేలే పైకి లేచిందనుకోండి. ఒకప్పుడు అరుదుగా వచ్చే వేడి ఇప్పుడు మాటిమాటికీ వస్తుంది. ఏడాదిలో ఆ రోజుకి మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల్లో పై 10 శాతాన్ని దాటిన వేడి వరుసగా ఐదు రోజులు ఉంటే దాన్ని సముద్రపు వడగాలి అంటున్నారు. 2023 చివర్లో మొదలైన అలాంటి వేడికి 2024లో లక్షద్వీప్‌లో చాలా పగడాలు తెల్లబడిపోయాయి. నేను ఆ దీవులకి చదువుకునే రోజుల్లో వెళ్లాను. ఆ ఫొటోలు చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పెదజాలరి · మార్చి 18, రాత్రి 8:40

అమ్మా, మా నాన్న రోజుల్లో నూనె కవళ్లు ఇక్కడ ఇంతగా పడేవి కావు. అవి కేరళ చేపలని చెప్పేవాడు. నేను వేటకి దిగాక చూస్తూ చూస్తూనే పెరిగాయి. దీనికీ వేడికీ సంబంధం ఉందా?

ఉప్పుగాలి · మార్చి 18, రాత్రి 9:30

ఉందనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రాశారు బాబాయ్. ఒకప్పుడు ఆ చేప దాదాపు మలబారు తీరానికే పరిమితం. 1980ల తర్వాత తూర్పు తీరంలోనూ బాగా పట్టుబడుతోంది. నీరు వెచ్చబడి దానికి సరిపడే చోటు విస్తరించిందని వాళ్ల వివరణ. మీ నాన్నగారి మాట ఎక్కడైనా రాసి పెట్టుకోండి, అది కూడా రికార్డే.

పడమటితీరం · మార్చి 18, రాత్రి 11:55

మాది గాజువాక, ఇరవై ఏళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాం. మొదటిసారి జూన్‌లో పిల్లల్ని తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర హాఫ్‌మూన్ బే బీచ్‌కి వెళ్లాం. ఇంటి దగ్గర ఎండ మండిపోతోంది. సముద్రంలో కాలు పెట్టగానే పిల్లలు కేక పెట్టి బయటికి పరిగెత్తారు, పాదాలు నొప్పెట్టే చలి. ఎండాకాలంలో ఇదేంటని అప్పుడు అర్థం కాలేదు. ఇవాళ ఉప్పుగాలి గారి లెక్క ఇక్కడ వేసి చూశాను. ఇక్కడ వేసవిలో గాలి వాయవ్యం నుంచి తీరం వెంట దక్షిణానికి వీస్తుంది. దానికి కుడి అంటే పడమర, అంటే నడిసముద్రమే. అదే కథ! అక్కడ ఉన్నన్నాళ్లూ వైజాగ్‌లో ఇలాంటిది ఉందని నాకు తెలియదు.

2014 నుంచి 2016 దాకా ఇక్కడ సముద్రం బాగా వేడెక్కింది. 2015లో విషపు నాచు పెరిగి, పీతల్లోకి విషం చేరి, డంజెనెస్ పీతల సీజన్‌ని చాలా నెలలు వాయిదా వేశారు. మా పక్కింటాయనకి బోటు ఉంది, ఆ క్రిస్మస్‌కి వాళ్లింట్లో పండగ లేదు.

ఇంకొక మాట అమ్మాయికి చెప్పండి. శాన్‌డియాగో దగ్గర స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ సముద్రంలోకి కట్టిన వంతెన మీద 1916 ఆగస్టు నుంచి రోజూ నీటి వేడి కొలుస్తున్నారు. 2018 ఆగస్టు 1న అక్కడ 25.9 డిగ్రీలు వచ్చింది. అది 1931 నాటి రికార్డుని దాటిందని ఆ రోజే చెప్పగలిగారు. వందేళ్లు ఎవరో ఒకరు రోజూ కొలవబట్టే కదా ఆ మాట తెలిసింది.

గోదారిగట్టు · మార్చి 19, ఉదయం 6:30

చాలా మంచి చర్చ. నాకో డౌటు. నైరుతి గాలే అడుగు నీటిని పైకి తెస్తే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ గాలి ఇంకా గట్టిగా వీస్తుంది. మరి అప్పుడు మన సముద్రం ఇంకా చల్లగా ఉండాలి. మా అంతర్వేది దగ్గర శ్రావణంలో నీళ్లు వెచ్చగానే ఉంటాయి.

ఉప్పుగాలి · మార్చి 19, ఉదయం 11:15

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. బంగాళాఖాతాన్ని మిగతా సముద్రాల నుంచి వేరు చేసేది ఇదే.

అరేబియా సముద్రం మీద ఆ నాలుగు నెలల గాలి ఇంకా బలంగా ఉంటుంది. సోమాలియా, ఒమాన్ తీరాల్లో అడుగు నీరు ఉబికి వచ్చి ఆ సముద్రం బాగా చల్లబడుతుంది. బంగాళాఖాతం మాత్రం వానాకాలమంతా 28కి పైనే ఉంటుంది. గాలి కొంత తక్కువ అనేది ఒక కారణం. అసలు కారణం మంచినీళ్లు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోకే. పైనుంచి వాన. ఈ మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. గాలి ఎంత కలియదిప్పినా ఆ మూత కింది బరువైన నీటితో సులువుగా కలవదు. వైజాగ్ దగ్గర నైరుతి రుతుపవనాల్లోనూ ఒడ్డు వెంట, లోపలికి ఓ 40 కిలోమీటర్ల వెడల్పున అడుగు నీరు లేస్తుంది. కానీ నదుల నీరు వచ్చి పరుచుకున్న చోట పైకి తెలియదు.

మీరు గోదావరి వాళ్లు, మీరే చూసి ఉంటారు.

గోదారిగట్టు · మార్చి 19, మధ్యాహ్నం 12:40

చూడటమా! ఎర్రనీరు దిగినప్పుడు సముద్రంలోకి ఎంతో దూరం నీరు ఎర్రగా ఉంటుంది. దాని మీద మోటారు బోటు వెళ్తే వెనక చాలు మాత్రం నల్లగా తేటగా కనిపిస్తుంది. ఫ్యాను తిరిగి కింద ఉన్న ఉప్పునీటిని పైకి లేపుతుందన్నమాట. చిన్నప్పుడు బోటు వెనక కూర్చుని ఆ నల్ల గీత చూస్తుండేవాణ్ణి. అది ఇంత పెద్ద విషయమని ఇవాళే తెలిసింది.

ఉప్పుగాలి · మార్చి 19, మధ్యాహ్నం 2:20

ఈ వర్ణన మా పాఠ్యపుస్తకాల్లో దేనిలోనూ చదవలేదు. వచ్చే సెమిస్టర్‌లో పిల్లలకి చెప్తాను.

ఆ మూత చలికాలంలో ఇంకో వింత చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం దక్షిణం వైపుకి మళ్లి, ఉత్తరాన ఉన్న ఆ మంచినీటిని మన ముందు నుంచి తీసుకుపోతుంది. ఉత్తరపు పొడిగాలికి పైనీరు చల్లబడుతుంది. మామూలుగా చల్లబడిన నీరు బరువెక్కి మునగాలి, కానీ ఉప్పు తక్కువ కాబట్టి పైనే ఉండిపోతుంది. అందుకని జనవరిలో ఇక్కడ పైన చల్లన, కింద వెచ్చన. తేడా ఒక డిగ్రీ, కొన్నిచోట్ల రెండు. అమ్మాయి జనవరిలో రాసిన 25 కింద ఇంకా వెచ్చటి నీరు ఉండి ఉండవచ్చు.

తుపాన్లప్పుడూ ఇదే చూస్తాం. తుపాను వెళ్లాక దాని దారి పొడవునా చల్లటి మరక మిగులుతుంది, మన అర్ధగోళంలో దారికి కుడి వైపున ఎక్కువగా. గాలి సముద్రాన్ని చిలికి కింది నీటిని తెచ్చుకోవడం వల్ల. ఆ చల్లనీరే తుపానుకి కళ్లెం వేయాలి. కానీ వానాకాలం వెళ్లిన వెంటనే, అక్టోబరులో వచ్చే తుపానుకి మంచినీటి మూత అడ్డుపడి చల్లనీరు అంతగా అందదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వైజాగ్‌ని తాకింది. అప్పుడు నేను ఎంవీపీ కాలనీలో మా అక్క ఇంట్లో ఉన్నాను. తలుపుకి మంచం అడ్డుపెట్టి అందరం దాని మీద కూర్చున్నాం. ఆ తర్వాతే ఈ మూత గురించి మళ్లీ శ్రద్ధగా చదివాను.

కొత్తచూపు · మార్చి 20, ఉదయం 8:15

నా మొదటి జవాబు తొందరపాటని ఒప్పుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను. గాలి లేని రోజున కూడా నీరు చల్లబడటం ఉంటుందా?

ఉప్పుగాలి · మార్చి 20, ఉదయం 10:00

ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి మారితే అక్కడ సముద్రంలో ఒక అల పుడుతుంది. మనం ఒడ్డున చూసే అల లాంటిది కాదు, నీటి లోపల వెచ్చ పొరని పైకో కిందకో జరిపే అల. పేరు కెల్విన్ తరంగం. అది సుమత్రాని తాకి, అండమాన్ సముద్రం మీదుగా, బర్మా, బంగ్లాదేశ్ తీరాలు చుట్టి, వారాల తర్వాత మన తీరానికి వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా వచ్చేది చల్లనీటిని పైకి దగ్గర చేస్తుంది. అందుకే ఈ నెలల్లో కొంచెం గాలి తగిలినా చాలు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడాదైనా, 2019లోలాగా హిందూ మహాసముద్రంలో పడమర వేడెక్కి తూర్పు చల్లబడినా, ఈ తరంగాల బలం మారిపోతుంది. వైజాగ్ బకెట్‌లో సుమత్రా వార్త కూడా ఉండొచ్చు.

మేఘమాల · మార్చి 20, ఉదయం 11:30

కొలవడం గురించి చిన్న సలహా. మధ్యాహ్నం గాలి లేకపోతే పై పొర ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు ఊరికే పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడూ ఆరున్నరకే తీయండి. పోటో పాటో కూడా రాయండి, పాటు నీళ్లలో ఇసుక వేడి కలుస్తుంది. గెడ్డ నీళ్లు కలిసే చోటుకి దూరంగా ఉండండి.

తీరపునడక · మార్చి 27, ఉదయం 8:45

వారం తర్వాత వస్తున్నాను. 17 నుంచి 19 దాకా 25 దగ్గరే ఆగింది. 20న గాలి తగ్గి తూర్పుకి తిరిగింది. 21న 25.8, 22న 26.4, 24న 27.0, ఇవాళ 27.3. పచ్చదనం పోయింది. గాలి గడి, నీటి గడి పక్కపక్కన పెట్టి, గాలి మారిన మర్నాడు నీరు మారుతోందని అమ్మాయే కనిపెట్టింది. ఒక్కసారి చూసి చెప్పకూడదు, ఇంకో మూడుసార్లు జరగాలి అని కూడా తనే అంది.

పెదజాలరి · మార్చి 27, రాత్రి 7:30

తమ్ముడూ, ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం. ఈలోగా ఒక పని చేశాను. గాజు సీసాకి రాయి కట్టి, బిరడాకి వేరే దారం కట్టి, 25 బారల లోతుకి దించాను. అక్కడ దారం లాగితే బిరడా ఊడి నీరు నిండింది. గబగబా పైకి లాగి మా అబ్బాయి థర్మామీటర్ పెట్టాడు. పైన 27.4, కింది నీరు 24.6. పైకి వచ్చేలోపు కాస్త వేడెక్కి ఉంటుంది కూడా.

తీరపునడక · మార్చి 27, రాత్రి 8:05

అన్నా, ఇది చదివి వినిపిస్తే అమ్మాయి ఎగిరి గంతేసింది. ఆదివారం హార్బర్‌కి వస్తే ఆ సీసా చూపిస్తారా? తను దారం ముడి ఎలా వేశారో చూడాలంటోంది.

పెదజాలరి · మార్చి 27, రాత్రి 8:20

తెల్లవారుజామున అయిదింటికి బోటు ఒడ్డుకి వస్తుంది. అప్పుడు రండి. నోట్‌బుక్కు కూడా తెమ్మనండి.